ష లోపలి గీత

ఆ రోజు పొద్దున పెద్దకర్మ కార్డు,
మధ్యాహ్నం పెళ్లికార్డు.
ఒకే ఫైలు మీద రెండూ దించాను.
ఫొటో తీసేశాను, దీపం తీసేశాను,
గణపతిని పెట్టాను, పేర్లన్నీ మార్చాను.
ఒక్క మాట తప్ప.

మూడు వందలు అచ్చయ్యాక
పెళ్లికొడుకు మేనమామ కౌంటరు మీద కార్డు పరిచి
వేలు పెట్టి పైకి చదివాడు:
"సంతాపంతో ఆహ్వానిస్తున్నాము."

ఛత్తాబజార్ అంతా నవ్వినట్టు అనిపించింది.
నిజానికి ఎవరూ నవ్వలేదు.
ఇఫ్తేకార్ సాబ్ గల్లా తెరిచి
కాగితం ఖరీదు లెక్కగట్టి, మళ్లీ మూశాడు.
"కళ్లు చూపించుకో మాణెమ్మా" అన్నాడు, అంతే.

చూపించుకున్నాను.
నడిమి చూపు పోతోందట, అంచులు మిగులుతాయట.
ఏది చూడాలనుకుంటానో అదే మాయమై
దాని చుట్టుపక్కలు మాత్రం భద్రంగా ఉంటాయి.
ఇరవై రెండేళ్లు అక్షరాలకు ఎదురుగా కూర్చున్నదాన్ని
ఇక పక్క నుంచి చూడాలి,
అడ్డుతెర దించకముందు పెళ్లికూతురిలా
ఓరకంట.

ఆసుపత్రిలో, తక్కువచూపు వాళ్ల గదిలో అమ్మాయి
లావు స్కెచ్‌పెన్నుతో రాసిచ్చింది ఏమేం మార్చుకోవాలో.
ఆ రాత్రి షట్టరు సగం దించి
కాగితం ముక్కుకు ఆనించుకుని కూర్చున్నాను.

ముందు తెలుపు తీసేశాను.
అది తెర కాదు, మే నెలలో మదీనా చౌరస్తా,
ఎక్కడా నీడ లేదు.
దాని బదులు నలుపు, పొయ్యి వెనక గోడంత నలుపు,
దాని మీద గడపకు రాసినంత పసుపు.
బాణం గుర్తు ఎలకపిల్లలా పారిపోయేది,
లావు చేసి ఎర్రరంగు పూశాను.
సన్నక్షరాలను పంపేసి బొద్దువాటిని పిలిచాను.
పెంచాను. థ కడుపులో చుక్క దొరికింది.
ఇంకా పెంచాను.
తెర నిండా ఒక్క మాటే పట్టింది.
కల్యాణమహోత్సవం చదవాలంటే
అఫ్జల్‌గంజ్‌లో ఆగిన బస్సుల వెంట నడిచినట్టు
ఈ చివర నుంచి ఆ చివరకు జరగాలి.
ఉత్సవం దగ్గరికి వచ్చేసరికి
కల్యాణం ఎవరిదో మరిచిపోతాను.
కొంచెం తగ్గించాను.

అయినా కుదరలేదు.
పై వరుస ఒత్తు కింది వరుస గుడిని పొడుస్తోంది.
ఒకప్పుడు రెల్లు కలంతో ఉర్దూ రాసిన జమీల్ చచా,
ఇప్పుడు ఊరికే వచ్చి కూర్చుంటాడు,
కుర్చీలోంచే అన్నాడు:
"హర్ఫుకు ఊపిరాడాలి బేటీ, వరసలు విడగొట్టు."
విడగొట్టాను.
ఊపిరాడింది. అక్షరానికో, నాకో.

ఆ అమ్మాయి రాసివ్వనిది ఒకటుంది:
ఇక నా తెర నాది కాదని, గల్లీదని.
చాయ్ తెచ్చే రూప్లా,
దేవరకొండ అవతలి తండా పిల్లాడు,
ఆరో తరగతిలో బడి వదిలాడు,
గుమ్మంలో నిలబడే చదివేస్తాడు నా పనంతా
కూడబలుక్కుంటూ.

నిన్న, డాక్టరు చెప్పింది మరిచిపోతానని
టైపు చేసుకున్న కాగితం తెరిచి ఉంది.
"మె... రు... గు... ప... డ... దు"
గ్లాసులు చేతిలో ఉండగానే చదివాడు.
"మెరుగు పడదంటే ఏందక్కా?"

జమీల్ చచా తల తిప్పుకున్నాడు.
"ఈ కార్డుకు బంగారు మెరుగు పడదురా" అన్నాను,
"కాగితం అసుంటిది."
"అయితే ఎర్రది ఎయ్యి" అన్నాడు.
చాయ్ పెట్టి పోయాడు.

చాయ్ చల్లారిపోయింది.
తర్వాతి పెళ్లి తెరిచాను.
వరుడు, వధువు, ఉప్పల్‌లో ఫంక్షన్‌హాలు,
రాత్రి పదకొండు దాటాక ముహూర్తం.
చివరి వరుసలో ఆ మాట దగ్గర ఆగాను.
దాన్ని చూడలేదు.
దాని పక్కనున్న ఖాళీని చూశాను.
మసక అంచున, పసుపుగా,
ష లోపలి గీత
ఉంది.

ప్రింటుకిచ్చే ముందు, ఎందుకైనా మంచిదని,
రూప్లాను కేకేశాను.