నాలుగో అంకె

అచావోలో వాన ఆగిందంటే
ఇంకోవైపు నుంచి మొదలవబోతుందని.
జనవరి. రాత్రి పదిన్నర.
పడమట ఇంకా నీలం ఆరలేదు.
పెరట్లో బంగాళాదుంపల సాళ్ళ మధ్య నిలబడ్డాను:
ఒక చేతిలో చీపురుకర్ర,
దానికి కొలతటేపు ముక్కలు తొడిగిన ఏంటెనా.
మెడకు రేడియో, నుదుట లైటు,
చంకలో ప్లాస్టిక్ సంచీలో చుట్టిన నోటుబుక్కు.
పక్కింటి బార్రియా కిటికీ తీస్తాడు:
"రోసాల్బా, ఇవాళ ఏం పడిందీ?"
చేపల్ని అడిగినట్టే.

దాని పేరు చుకావో.
కాలేజీ పిల్లలు చేసిన రొట్టెముక్కంత ఉపగ్రహానికి
మా అడవి పిట్ట పేరు పెట్టుకున్నారు.
ఆ పిట్ట కుడిచేతివైపు కూస్తే ప్రయాణం కట్టు,
ఎడమవైపు కూస్తే తలుపేసుకో అనేది మా అమ్మమ్మ.
ఇదేమో, నేను సముద్రానికి ఎదురుగా నిలబడితే
కుడిచేతివైపు పుట్టి
పదకొండు నిమిషాల్లో ఎడమచేతివైపు మునుగుతుంది.
శకునం ఎటు తీసుకోమంటావు, అమ్మమ్మా?

ముందు గరగర.
ఆ గరగరలో సూదిమొనంత సన్నటి కూత.
వచ్చేటప్పుడు గొంతు పైన ఉంటుంది,
పోయేకొద్దీ కిందికి జారుతుంది,
బొటనవేలితో మీట తిప్పుతూ నేనూ జారుతుంటాను.
తన పేరు చెప్పుకుంటుంది.
తర్వాత నాలుగు చుక్కలు, రెండు చుక్కలు,
మళ్ళీ నాలుగు, మళ్ళీ రెండు:
అది పాత టెలిగ్రాఫ్ మనుషుల నవ్వు.
పడవల ఆఫీసులో ముప్పై ఏళ్ళు వైర్‌లెస్ ముందు కూర్చున్నదాన్ని,
నాకా నవ్వు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

నవ్వడం అయ్యాక లెక్క అప్పజెబుతుంది.
మొదటిది బ్యాటరీ: సున్నా.
రెండో చలికాలానికే చచ్చిపోయింది.
రెండోది, ఎండలోంచి పిండుకున్న కరెంటు.
మూడోది గడియారం.
నీడలోకి వెళ్ళిన ప్రతిసారీ ప్రాణం పోతుంది,
ఎండ తగలగానే లేచి ఒకటి నుంచి లెక్కపెడుతుంది.
రోజుకు పదిహేను పొద్దులు,
ఒక్కదానికీ ముందటిది గుర్తుండదు.
నాలుగోది ఒంటివేడి.

ఆ నాలుగో అంకె కోసమే నేను వచ్చేది.
పన్నెండు తక్కువ సున్నా వస్తే శాలువా బిగించుకుంటాను.
ముప్పై ఒకటి వస్తే, ఎవరో పిల్లకి జ్వరమైనట్టు,
తడి చేయి నా నుదుటికే పెట్టుకుంటాను.
ప్రొఫెసర్లు వినడం మానేశారు.
నేను రాస్తూనే ఉన్నాను. ఆరు నోటుబుక్కులు.

ఇవాళ నా పక్కన ఎలిసెయో చిగ్వాయ్ ఉన్నాడు.
అప్పట్లో దానికి టంకం పెట్టిన కుర్రాడు,
ఇప్పుడు సాల్మన్ తొట్ల దగ్గర చేపల పేలు లెక్కపెడతాడు.
రబ్బరు బూట్లు కూడా విప్పకుండా వచ్చాడు.
నవ్వు వినగానే తనూ నవ్వాడు.
నాలుగో అంకె దగ్గర ఆగిపోయాడు.

"అది లోపలిది కాదు, దోన్యా రోసాల్బా.
ఆ రాత్రి మూడింటికి రెండు తీగలు తారుమారు చేశాను.
అది బయటి రేకు మీది వేడి.
లోపల ఎంతుందో
ఎవరం, ఎప్పుడూ, వినలేదు."
పైకి వెళ్ళిపోయాక గాని తెలియలేదట.
ఇన్నేళ్ళలో మొదట నాకే చెప్పాడు.

నేనేమీ అనలేదు. ఏంటెనా తిప్పాలి కదా.
ఆరు పుస్తకాల నిండా చొక్కా తడిమి
ఒళ్ళు కాలిపోతోందని రాసుకున్నాను.
కుర్రాడు బురదలోకి చూస్తున్నాడు.
"కర్ర పట్టుకో," అన్నాను, "ఇంకొంచెం ఎడమకి,
చెర్రీ చెట్టు దాటించు."

మళ్ళీ పేరు. మళ్ళీ నవ్వు.
సున్నా. కరెంటు పడిపోతోంది.
గడియారం ఎంతో వానచుక్క మింగేసింది.
నాలుగోది మొదలైంది:
చుక్క, చుక్క, చుక్క, ఒక గీత,

ఇంకో గీత వస్తే మూడు.
నీడ ముందొచ్చింది.

"ఏం పడిందీ?" కిటికీలోంచి బార్రియా.
పుస్తకంలో మూడు వెయ్యలేదు నేను.
మూడు చుక్కలూ ఒక గీతా
విన్నవి విన్నట్టే దించుకున్నాను.