ఈల వేసే రెక్క

ఎతెల్ నది సముద్రంలో కలిసేచోట
ఆల్చిప్పలు కడిగే నా షెడ్డులో సగం
గుల్వెన్‌కి అద్దెకిచ్చాను. ఆరేళ్లయింది.
అద్దె డబ్బుగా రాదు,
నా ట్రాక్టరు రిపేర్లుగా వస్తుంది,
అదీ అడగ్గా అడగ్గా.

మొదటి చలికాలం ఎక్కడివో పాత మంచు స్కీలు తెచ్చి
బోర్డు కింద మాస్టుగా బిగించాడు.
నీళ్లలో అవి వానపాముల్లా మెలికలు తిరిగాయి.
మరుసటేడు వెనక రెక్క ముందుకి, ముందుది వెనక్కి.
ఆ బోర్డు కోడెదూడలా కుమ్మి
పై పెదవి చీల్చింది. నాలుగు కుట్లు.
"తప్పెక్కడో ఇప్పుడు తెలిసింది" అన్నాడు,
రక్తం ఉమ్మేస్తూ, సంబరంగా.

తిమింగలం ఈతరెక్క అంచున బుడిపెలుంటాయట.
నా గుల్లలే దంచి, జిగురులో కలిపి,
పెళ్లికూతురి నుదుటి మీద చుక్కల్లా
రెక్క పొడుగునా వరసగా పెట్టాడు.
వారం పాటు నా రొట్టె కూడా అదే కంపు.
నాచు కోయడానికి మాస్టు ముందంచుకి కొడవలి అలుగు!
దాన్ని మాత్రం నా సుత్తితో నేనే విరగ్గొట్టాను.
నా మనుషులు ఆ నీళ్లలోనే
మోకాలి లోతున పని చేస్తారు.

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి,
అని రేవంతా నవ్వింది.
నేనూ నవ్వాను. కొంచెం ఎక్కువే నవ్వాను.

ఆ తర్వాత ఈ రెక్క.
మనిషి పొడుగుంది, పల్చటిది.
గాలి అక్కర్లేదు, అలా అక్కర్లేదు, మోటారూ వద్దు.
రేవు మెట్టు మీంచి పరిగెత్తి దూకి
మోకాళ్లతో తొక్కుతూ పోవడమే.
బోర్డు నీటిని కొడుతున్నంతసేపూ చప్పట్లు,
లేచిందా, ఒక్కసారిగా ఏమీ వినపడదు.
ఆ ఏమీ లేకపోవడం కోసమే ఇదంతా అంటాడు.
కానీ ఈ రెక్క అందులోకి ఈల దూర్చింది,
పక్కింట్లో పొయ్యి మీద మరిచిపోయిన కెటిల్‌లా.
రేవు కుక్కలన్నీ మొరుగుడు.
"వెనకంచు మందం. సగం పూట ఆకురాయి పని."
"ఆదివారం లోపు అరగదియ్యి" అన్నాన్నేను.
వాడు నా ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు.

శుక్రవారం పొద్దున పొగమంచు దిగింది.
చేతిలో పార ఉంది, పార చివర లేదు.
నీళ్లు సముద్రంలోకి లాగుతున్న వేళ.
అజెలిజ్ తలెత్తింది: "వింటున్నావా?"
ఈల.
తొక్కినప్పుడు పైకి, ఊపిరి తీసుకుంటే కిందికి.
ఒకసారి ఎడమన, మరోసారి మా వెనక.
ఒడ్డు దొరక్క చుట్లు తిరుగుతున్నాడు.
పడితే మళ్లీ లేవదు ఆ బోర్డు, దూకడానికి మెట్టుండాలి.
అరవై రెండేళ్ల మోకాళ్లు.
ఈల సన్నబడింది.

ఇనప బల్లల్ని పారతో బాదాను.
అజెలిజ్ బకెట్‌తో బాదింది.
చిప్పలు సంచుల్లో గలగలమన్నాయి.
ఎంతసేపో తెలీదు. చెయ్యి తిమ్మిరెక్కింది.
ఈల ఆగింది.
మేమూ ఆగాం.
మళ్లీ, తెగుతూ తెగుతూ, మా వైపు.

ముందు వాడి మొహం కాదు, రెక్క వచ్చింది:
నా బల్లని గుద్ది మూడు సంచులు చీల్చింది.
గుల్వెన్ నడుం లోతు నీళ్లలో కూచుండిపోయాడు,
చాలాసేపు మాట లేదు.
తర్వాత, "బుడిపెలు పనిచేస్తున్నాయి."

మూడు సంచులూ ఖాతాలో రాశాను.
ఆకురాయిని తీసుకెళ్లి
ట్రాక్టరు సీటు కింద పెట్టాను.
ఎక్కడుందో వాడికి తెలుసు. అడగలేదు.

ఇప్పుడు రెండు రెక్కలకు రెండు శ్రుతులట.
కుక్కలు అలవాటు పడ్డాయి.
ట్రాక్టరే ఇంకా మొరాయిస్తోంది.