ఎరుపు పడలేదు

నల్ల గీతలకేమీ కాలేదు.
తెడ్డు, చుక్కాని, తెరచాప తాడు
వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.
ఎర్ర రంగు నింపిన చోటే,
నావ పొట్ట మీదే,
ఏడాది గడిచాక దురద మొదలైంది.

రొయ్యలు మానెయ్యమన్నారు పక్కింటివాళ్ళు.
హార్బర్ షెడ్డులో పొద్దుట్నుంచి రొయ్యలు ఒలిచే చెయ్యి ఇది,
మానేస్తే ఏం తింటుంది?
వంకాయ మానేశాను. గోంగూర మానేశాను.
అత్త పసుపు రాసింది.
పసుపు కింద ఎరుపు ఇంకాస్త లేచింది.

కేజీహెచ్ చర్మం ఓపీలో
నలభై ఏడో నంబరు చీటీ.
డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసింది, నొక్కింది.
"ఎక్కడ వేయించుకున్నావ్?"
బీచ్ రోడ్డులో, సబ్‌మెరైన్ ఎదురుగా, గొడుగు కింద.
ఆరొందలన్నాడు, నాలుగొందల యాభైకి దిగాడు.
"రంగు సీసా మీద ఏం రాసుంది?"
పులి బొమ్మ ఉంది. అంతే చెప్పగలిగాను.
"ఎర్ర రంగు నీకు పడలేదమ్మా."

పడకపోవడం నాకు కొత్తా?
అత్తకీ నాకూ పదకొండేళ్ళుగా పడదు,
ఒకే పొయ్యి మీద వండుకుంటాం.
ఆవిడ ముంజేతి మీద పచ్చబొట్టు తేలు,
తొమ్మిదో ఏట పొడిపించుకుంది,
ఆకు పసరు, దీపం మసి.
యాభై ఏళ్ళలో ఒక్కసారీ కుట్టలేదది.

అసలు నావ కూడా ఎరుపే.
వేట ఆపేసిన ఎండల్లో ఏటేటా
పెదజాలరిపేట ఇసకలో బోర్లిస్తే
నేనే రంగు వేసేదాన్ని,
మోచెయ్యి దాకా ఎరుపు,
కిరసనాయిలుతో కడిగితే పోయేది,
ఒక్క పొక్కు లేచేది కాదు.
దాన్ని ముక్కలు కొట్టి
కట్టెల లెక్కన అమ్మేసిన వారమే
ఈ బొమ్మ వేయించుకున్నాను.

అప్పుడే అయ్యకి చూపించాను,
చూపించానంటే, నీటికాసులు ఆయనకి,
చెయ్యి తీసి పెట్టాను.
తడిమాడు.
"ఏటీ నేదు కదే ఇక్కడ" అన్నాడు.

మొన్న ఇంజెక్షనుకి ముందురోజు
గంజి గిన్నె అందిస్తుంటే వేలు తగిలింది.
ఆగిపోయాడు.
గిన్నె కింద పెట్టి
బొటనవేలితో వాపు అంచు పట్టుకుని
అమరం దగ్గర మొదలెట్టి
మెల్లగా అణియం దాకా వెళ్ళాడు, మళ్ళీ వెనక్కొచ్చాడు.
"మనదేనేటే?"
ఊఁ అన్నాను.
"అణియం పొడుగైపోనాది. ఎవులు కట్టినార్రా దీన్ని?"
అంతసేపూ
గోక్కోకుండా పళ్ళు బిగించి కూర్చున్నాను.

లేజరు వద్దంది డాక్టరమ్మ,
రంగు చిట్లి ఒళ్ళంతా పాకొచ్చట.
నాలుగు ఇంజెక్షన్లు, తిన్నగా వాపులోకే.
ఒకటి అయ్యింది. ఒక పక్క కొంచెం దిగింది.
రెండోదానికి సోమవారం రమ్మంది.
సోమవారం షెడ్డుకి సరుకు ఎక్కువ.
చీటీ బియ్యం డబ్బాలో ఉంది.

రాత్రి అత్త రొయ్యలు వండలేదు.
ఎందుకని నేనడగలేదు.

తెల్లారితే అయ్య
రెండు గుమ్మాలవతల నుంచి గోడ పట్టుకుని వస్తాడు,
అరుగు మీద కూర్చుని చెయ్యి చాపుతాడు.
నేను ముంజేతి మీంచి
కొంగు తీస్తాను.