రెండో షిఫ్ట్

పడవ అని అర్థమట ఈ ఊరి పేరుకి. నది మాత్రం కనపడదు.
మిల్లుల వాళ్ళు ఎప్పుడో గొట్టాల్లోకి తోసేసి
పైన రోడ్డు పరిచారు.
వూచ్‌లో నీళ్ళు కూడా అండర్‌గ్రౌండే
అనేవాడు టిమోన్, నవ్వకుండా.

వాడూ హల్ష్కా, ఇద్దరే బ్యాండు.
గిటారు లేదు, పల్లవి లేదు.
మూతబడ్డ షెడ్డులోంచి ఎత్తుకొచ్చిన నాడె,
తలుపూడిన ఫ్రిజ్జు,
తిత్తి చిరిగిన అకార్డియన్.
కాసెట్లు కాపీ చేసేది నేను.
వంటింటి బల్ల మీద రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురు పెట్టి
నలభై కాపీలు.
అట్ట మీద హల్ష్కా చేతిరాత: రెండో షిఫ్ట్.

వీధుల్లోంచి ట్యాంకులు వెళ్ళిపోయిన మరుసటేడు
మొదటి కచేరీ. పదకొండు మంది.
నలుగురు వానకి తలదాచుకోను వచ్చినవాళ్ళు.
ఒకడు మఫ్టీలో పోలీసు. పాపం, చివరిదాకా కూర్చున్నాడు,
ఏం రాసుకోవాలో తోచక
పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి, తీసి.
ఆ టిక్కు టిక్కు కూడా టేపులో పడింది.
రెండో వైపు, ఆరో నిమిషం.

హల్ష్కా తల్లి ముప్పై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడి
చెవులు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.
ఒకసారి రిహార్సల్‌కి వచ్చి
ఫ్రిజ్జుకి అరచెయ్యి ఆనించి
"పోగు తెగింది, ఆపండి" అంది.
ఆపేశారు.
వాళ్ళ మీద వచ్చిన విమర్శల్లో
నాకు తెలిసి సరైంది అదొక్కటే.

తర్వాత ఏముంది.
మిల్లు షాపింగ్ మాల్ అయింది.
పందొమ్మిదేళ్ళు, ఇరవై మూడు కచేరీలు.
బర్నోలో కరెంటు పోతే
గంటసేపు చీకట్లో నాడెని నేలకేసి గీకారు,
ఎవరూ లేచి వెళ్ళలేదు, గుమ్మం కనపడక కావచ్చు.
విడిపోయింది కళ గురించి కాదు,
హీటరు బిల్లు ఎవరు కట్టాలని.
టిమోన్ ట్రామ్ డిపోలో చేరాడు.
హల్ష్కా పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని
జనాన్ని పేరు పెట్టి పిలుస్తుంది.

మొన్న రోటర్‌డామ్ నుంచి ఎవరో కుర్రాడు ఫోను.
ఆ నలభైలో ఒకటి దొరికిందట, మళ్ళీ విడుదల చేస్తాడట.
"అడుగున ఏకధాటిగా సన్నటి వాన,
అది ఎలా సాధించారు?"
నా టేప్‌రికార్డరు హెడ్డు అరిగిపోయి నాయనా, అందామనుకున్నా.
ఇద్దర్నీ విడివిడిగా అడిగాను.
"నది అని చెప్పు" అన్నాడు టిమోన్.
హల్ష్కా చాలాసేపు మాట్లాడలేదు.
"ఆ బిల్లు కట్టాడా?"

కుర్రాడికి ఇంకా జవాబివ్వలేదు.
అట్ట మీద వెయ్యాల్సిన పేర్లన్నీ పంపమన్నాడు.
రాత్రి ఆరో నిమిషం మళ్ళీ విన్నాను.
తాళం తప్పలేదు మహానుభావుడు.
అతని పేరు ఎవరికీ తెలీదు.