రెండుసార్లు వినిపించిన కూత

ద్వారకానగర్‌లో హైమావతి కుర్చీ తీసేశారు.
పోయిన జూన్ దాకా
ర్యాంకు కార్డులు పట్టుకుని పిల్లలు మెట్ల మీద కూర్చునేవారు,
వెనక నాన్నలు, చెమటకి తడిసిన ఫైళ్ళతో.
ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఫీజెంత, హాస్టలుందా.
ఇప్పుడు గోడకి తగిలించిన తెర
ఆమె ఒకసారి దగ్గేలోపు నలభై కాలేజీలు వల్లిస్తుంది.
తప్పు చెప్పదు. అదే హైమ బాధ.
"నేను చెప్పినవాటిల్లో సగం తప్పులే కదే,
అయినా ఆ గోపాలపట్నం పిల్లాడు
లెక్కలొద్దని చెప్పలేక
షూ లేసు ముడేస్తూ విప్పుతూ ఉంటే
వాళ్ళ నాన్నని టీ తాగి రమ్మని పంపింది నేనే."
ఆ టీ ఎవరి లెక్కలోనూ రాయలేదు.

ఫక్రున్నీసాది ఫ్యామిలీ కోర్టు.
అక్కడ యంత్రం గుమస్తా.
భార్య చెప్పింది ఒక కాలమ్, భర్త చెప్పింది ఒక కాలమ్,
మధ్యలో ఒప్పందం ముసాయిదా, కామాలతో సహా.
సాయంత్రాలు మిగిలాయంటుంది. నిజంగానే సంతోషం.
రాసి రాసి వేళ్ళు నొప్పెట్టేవట.
మొన్న వానలో ఆ ఇద్దరూ
ఒకే గొడుగులో వచ్చిన సంగతి మాత్రం
ఏ కాలమ్‌లోనూ పట్టలేదు.
వాయిదా వేయించి ఇంటికి పంపింది.

నూకరత్నం సంగతి చెప్పాలంటే
ఫిషింగ్ హార్బర్ దాకా నడవాలి.
బోటు రాలేదు. తొమ్మిది రోజులు.
ఎల్లాజీ పెళ్ళాం బంగారమ్మ
కొడుకు ఫోనులో యంత్రాన్నడిగింది:
"మా ఇంటాయన వత్తాడేటి?"
అది చాలా మర్యాదగా జవాబిచ్చింది,
మీ బాధ అర్థమవుతోందంది, కాసిన్ని నీళ్ళు తాగమంది.
"నీళ్ళేటి తాగుతాను, ఆ నీళ్ళలోనే ఉన్నాడు గదా ఆడు"
అని ఫోను బియ్యం డబ్బాలో పడేసింది.
రత్నం ఏమీ అనలేదు.
కత్తిపీట ముందేసుకుని పక్కన కూర్చుని
రెండు గంపల కవళ్ళకి పొలుసు తీసింది.
ఆ రోజు రిపోర్టులో
'ఇచ్చిన సలహా' అన్న గడి ఖాళీ.
ఆమె ఉద్యోగం నిలుస్తుందా? తెలీదు.
గడి ఖాళీగా ఉంటే పై ఆఫీసు ఊరుకోదు.

ఇక నేను. ఒకే బ్యాచి మేం నలుగురం.
పాతపోస్టాఫీసు దగ్గర మేడ మీద గది,
రాత్రి డ్యూటీ, హెల్ప్‌లైను.
మొదటి పలకరింపు ఇప్పుడు యంత్రానిది.
గొంతు కొలుస్తుంది, మాటకీ మాటకీ మధ్య ఖాళీ కొలుస్తుంది,
పచ్చవాటిని తనే మాట్లాడి పంపేస్తుంది.
ఎర్రవి నాకు.
మంచిదే అనుకున్నాను.
కానీ ఒకప్పుడు నిద్రపట్టక ఊరికే చేసే
స్టీల్‌ప్లాంటు రిటైరైన పెద్దాయనుండేవాడు,
ఆ రాత్రి కూర ఎలా కుదిరిందో చెప్పేవాడు.
రాంగ్ నంబర్లుండేవి.
అవే నాకు మధ్యలో గుక్కెడు నీళ్ళు.
ఇప్పుడు ఎరుపు మీద ఎరుపు, తెల్లారేదాకా.
నీ ఉద్యోగం పోదులే అంటున్నారు అందరూ.
పోనిది ఉద్యోగమొక్కటే.

ఒకబ్బాయి అన్నాడు:
"ముందు దానికే చెప్పానండి మేడమ్,
అది ఛీ అనదు కదా."
నేనూ అనలేదు. కానీ అనగలను.
అనగలిగీ అనకపోవడంలో ఏముందో
రెండు రోజులు ఆలోచించాను, తేలలేదు.

నిన్న రాత్రి రెండున్నరకి ఒక ఎరుపు.
తెర మీద: మౌనం, నలభై ఒక్క సెకన్లు. ప్రమాదం, ఎక్కువ.
అడగాల్సిన ప్రశ్న కింద రాసి చూపించింది.
మంచి ప్రశ్నే.
అడగబోతుంటే
పోర్టులో ఓడ కూసింది.
నా కిటికీలోంచి ఒకసారి.
కాస్త ఆలస్యంగా, ఫోనులోంచి ఇంకోసారి.
ఇక్కడే ఎక్కడో ఉన్నాడు, ఆ కూత అందేంత దూరంలో.
"విన్నావా?" అన్నాను.
తెర ఇంకా సెకన్లు లెక్కపెడుతోంది.
"ఆఁ."
"ఏం ఓడంటావ్?"
"ఏమో... బొగ్గు ఓడనుకుంటా."
కిటికీ రెక్క ఇంకొంచెం తెరిచాను.