స్టూలు

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, పాత ఓపీ వెనక గది.
ఫైనలియర్ వాళ్లకి
రోగితో మాట్లాడే పరీక్ష.
రోగి భార్య వేషం ఆయా అసిరమ్మది.
ఏం అడగాలో రాసిస్తానంటే వద్దంది.

హేమాద్రి, అనంతపురం కుర్రాడు,
"మీ ఆయన కండిషన్ క్రిటికల్" అన్నాడు
కేస్‌షీటుకి చెబుతున్నట్టు.
"అంటే ఏటి బాబూ?"
"క్రియాటినైన్ పన్నెండు."
"పన్నెండంటే మంచిదేనా?"
వాడి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

తర్వాత కవిటి పిల్ల.
స్టూలు లాక్కుంది. కూర్చుంది.
కాసేపు ఏమీ అనలేదు.
"ఆయన ఇంక మనకి దక్కడు పిన్నీ."

అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
బాగా నటిస్తోందని
టిక్కు పెట్టబోయాను.

"ఈ గుంటకి ఎన్నేస్తారో ఎయ్యండి బాబూ.
మా ఆయనప్పుడు
మీరు గుమ్మంలో నిలబడే సెప్పీసినారు.
సేతిలో బండి తాళాలు.
నాను ఆ తాళాలే సూసినాను,
మాట ఇనబడనేదు."

పదికి ఎంత వేశానో గుర్తులేదు.

సాయంత్రం వార్డులో
పదకొండో బెడ్ పక్కన స్టూలు కోసం వెతికాను.
ఉన్నది ఒక్కటే,
దాని మీద సెలైన్ సీసాల పెట్టె.
దించాను.
బండి తాళాలు జేబులో
తొడకి గుచ్చుకున్నాయి,
కూర్చుంటుంటే.