నీళ్ళ బాకీ

కాచీలో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో
కొండవాలంతా ఎర్రబడుతుందని
పెళ్ళయిన కొత్తలో చెప్పాడు.
చూపించడానికి ఇప్పటికి తీరింది.

నలభయ్యో నంబరు రోడ్డు మీద
మా పాత రెనో కారుకి వేగం కన్నా చప్పుడెక్కువ.
ఎవుసేబియో నడుపుతాడు, నేను మాతే అందిస్తాను.
మోకాళ్ళ మధ్య ఫ్లాస్కు,
గుప్పిట్లో సొరబుర్ర, అందులో చేదాకు,
దాని మీద సన్నటి ధారగా వేణ్ణీళ్ళు.
గుంట రాబోయే ముందు ఆయన "ఊఁ" అంటాడు,
నేను పోయడం ఆపుతాను.
ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో
మా మధ్య ఇంత కచ్చితంగా నడిచిన మాట
ఇంకొకటి లేదు.

ఇరవై రెండేళ్ళు ఈ రోడ్డుని చదును చేశాడు,
పసుపు రంగు గ్రేడరు మీద, ముక్కుకి గుడ్డ కట్టుకుని.
సాయంత్రం గుమ్మంలో చొక్కా విదిలిస్తే
పావు కిలోమీటరు రాలేది.
ఆ దుమ్మంతా ఉతికినదాన్ని నేను,
దారిని చూడటం మాత్రం ఇదే మొదలు.

లోంద్రెస్‌లో ఒక ముసలామె
తక్కెడలో రాయి వేసి వాల్‌నట్లు తూచింది.
ఆ రాయి బరువెంతో ఆమెకే తెలియాలి.
బెలెన్‌లో ఒక పోంచో అంచు పట్టుకుని
"మంచి నేత" అన్నాడాయన,
అని, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.
ఇక్కడ వంతెన ఉండేది,
ఇక్కడ రుఫీనో లారీ బోల్తా పడింది,
ఇక్కడ మంచులో రెండు రాత్రులు.
ఏమీ లేని చోట్లన్నీ ఆయనకి ఊళ్ళే.
"తారు వేసి పాడుచేశారు," అంటాడు
కుదుపు లేని సీట్లో హాయిగా వెనక్కి వాలి.

వాల్ఫీన్ దాటాక కారు పొగలు కక్కింది.
చుట్టూ చేతులెత్తేసిన జెముళ్ళు, ఎండ.
ఫ్లాస్కు ఖాళీ.
బెలెన్‌లో డబ్బా నింపుకుందామంటే
"ఈ రోడ్డు నాకు తెలుసు" అన్నాడు పొద్దున.
ఆ సంగతి నేను ఎత్తలేదు.
ఎత్తకపోవడం కూడా వినిపిస్తుంది, కొండల మధ్య.

కాస్త ముందు, కుక్కగూడంత ఇటుకల గుడి,
చుట్టూ వందల నీళ్ళ సీసాలు.
సైనికులు మొగుణ్ణి పట్టుకుపోతే
చంటిబిడ్డతో వెనకాలే ఎడారిలో నడిచి
దాహంతో పోయిన కొర్రెయా తల్లి.
పశువుల కాపర్లు చూసేసరికి
చనిపోయిన రొమ్ము పట్టుకుని బిడ్డ బతికే ఉన్నాడంటారు.
అందుకే లారీవాళ్ళు ఆగి
ఆమె దాహానికి నీళ్ళు పెట్టి పోతారు.

ఆయన టోపీ తీశాడు.
"ముట్టుకోకూడదు, నేలిదా."
నేను నాచు పట్టని మూడు సీసాలు ఏరాను.
మొగుడి వెనకాల నడిచిన మనిషి,
మొగుడి పక్కన ఇరుక్కున్నదాని గోడు
ఆమెకి తెలియదా?
"మూడు సీసాలు, బాకీ,"
దుకాణంలో చెప్పినట్టు పైకే చెప్పాను.
రేడియేటరు గుటగుటా తాగింది.

సాంతా మరియా చేరేసరికి దీపాలు పెట్టారు.
పెట్రోలు బంకులో సీసాలు నింపుతుంటే
"ఆమె లెక్కలు రాయదమ్మా, ఈసారి వెళ్ళినప్పుడు పెట్టొచ్చు"
అన్నాడు అక్కడి కుర్రాడు.
నేనేమీ అనలేదు.
ఎవుసేబియో కారు తిప్పాడు, వచ్చిన వైపే,
డెబ్బై కిలోమీటర్లు.

లైట్ల వెలుగు పడగానే
సీసాలన్నీ ఒక్కసారి కళ్ళు తెరిచాయి.
మూడు పెట్టాను.
ఆయన వంగి, నడుం పట్టుకుని, నాలుగోది పెట్టాడు.
"వడ్డీ."

తిరుగుదారిలో చీకటి, చలి,
బంకులో నింపిన వేణ్ణీళ్ళు, ఒళ్ళో బుర్ర.
దబ్బున ఒక గుంట.
"ఊఁ" రాలేదు.
వేణ్ణీళ్ళు నా లంగా మీద ఒలికాయి.
కాసేపు ఇంజను మాత్రమే మాట్లాడింది.
"ఇది కొత్తది," అన్నాడు చివరికి,
"నాకు తెలీదు."

ఆ మాట వినడానికి
ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది,
పైన నూట నలభై కిలోమీటర్ల పెట్రోలు.
లంగా పిండుకుని
బుర్రలో మళ్ళీ నీళ్ళు పోశాను.